దిమ్మరుల సంచుల్లో పుస్తకాలు

మేం నలుగురం అరకు వెళ్ళే బండిలో ఎదురుబదురుగా కూర్చుని పరిచయమైనవాళ్ళం. ఓడల్లో ఫిట్టర్‌గా చేసి రిటైరై మధురవాడలో ఇల్లు కట్టుకున్న పెద్దాయన ఒకరు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు గానీ అందరం మాస్టారూ అనే పిలుస్తాం. సెలవు దొరికితే చాలు, ఒంటరిగా ఎటో ఒకటు బయల్దేరిపోయే హైస్కూలు టీచరుగారు ఇంకొకరు. మూడోవాడు బైకు మీద దేశం తిరుగుతూ, డబ్బులయిపోయినప్పుడు ఉద్యోగం చేసే కుర్రాడు. నాది బెజవాడ, తిరుగుళ్ళలో ఈ ముగ్గురికీ వెనకే. శ్రావణంలో విశాఖలో కలుద్దామని ఫోన్లలో అనుకున్నాం. వచ్చేటప్పుడు ఎవరి పుస్తకం వాళ్ళు తేవాలి. షోకు కోసం కొన్నది పనికిరాదు, ప్రయాణంలో నిజంగా మోసేదే తేవాలి. ఆ షరతు టీచరుగారిది.

నేను ‘హంపీ నుంచి హరప్పా దాకా’ పట్టుకెళ్ళాను. తిరుమల రామచంద్రగారి ఆత్మకథ, ఇటుకంత పుస్తకం. అనంతపురం వైపు పల్లెలో పుట్టి, లాహోర్ దాకా వెళ్ళి పాత రాతప్రతుల మధ్య పనిచేసిన మనిషి. తిరుగుబోతుల సభకి ఇంతకన్నా తగిన పుస్తకం ఏముంటుందని నా ధీమా. మిగతావాళ్ళు లోకసంచారి రాహుల్ సాంకృత్యాయన్‌నో, కాశీయాత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్యనో తెస్తారనుకున్నాను. ఊరు విశాఖ కాబట్టి ఆదినారాయణగారి ‘భ్రమణ కాంక్ష’ కనీసం ఒకరి దగ్గరైనా ఉండి తీరాలి. ఆంధ్రా యూనివర్సిటీలో బొమ్మలు వెయ్యడం నేర్పుతూ, కాలినడకన దేశం చూసి రాసిన మనిషి ఉండే ఊరాయె.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర కలిసి, పక్క సందులో టీ కొట్టు బల్ల మీద పుస్తకాలు బయటికి తీశాం. నేను అనుకున్నవాటిలో ఒక్కటీ లేదు.

మాస్టారిది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’. అట్ట ఎప్పుడో పోయింది, కాన్వాసు గుడ్డ అంటించుకున్నారు. అంచులకి ఇంజిన్ రూము నూనె మరకలు. “ఓడెక్కినోడికి సముద్రం మీద పుస్తకం ఎందుకు బాబూ? కిటికీ తీస్తే అదేగా కనపడతాది,” అన్నారు. నెలల తరబడి నీళ్ళే చూసే మనిషికి కావలసింది గోదావరి జిల్లా పెళ్ళిళ్ళూ, వంటిళ్ళూ, అక్కడివాళ్ళ మాటా అట. అందులో భోజనాల ప్రస్తావన వచ్చే పేజీలు మిగతావాటికంటే బాగా నలిగిపోయి ఉన్నాయి. అడక్కుండానే తెలిసిపోయింది ఓడలో వంట ఎలా ఉండేదో.

టీచరుగారి సంచిలో ‘వనవాసి’. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ్ ‘ఆరణ్యక్’కి సూరంపూడి సీతారాం గారి తెలుగు. కలకత్తా నుంచి ఎస్టేటు పని మీద బీహారు అడవికి వెళ్ళిన కుర్రాడు అక్కడే ఏళ్ళ తరబడి ఉండిపోయి, ఆ అడవి తన చేతుల మీదుగానే పొలాలైపోవడం చూస్తాడు. ఇది యాత్ర కాదు, బస. “నేను ఏ ఊళ్ళోనూ రెండ్రోజులకి మించి ఉండను. ఒకచోట ఉండిపోతే ఏమవుతుందో ఈయన చెప్తాడు,” అన్నారావిడ. ప్రతి ప్రయాణం టిక్కెట్టూ అందులోనే దాచారు. బస్సు టిక్కెట్ల మీది అక్షరాలు చాలావాటికి వెలిసిపోయాయి.

కుర్రాడు ముందు ఫోన్ చూపించాడు, అందులో నాలుగొందల పుస్తకాలున్నాయట. ఎన్ని చదివావని టీచరుగారు బళ్ళో అడిగినట్టు అడిగేసరికి నవ్వేసి, సంచి అడుగు నుంచి వానకి తడిసి ఉబ్బిన ‘ఇన్‌టు ద వైల్డ్’ తీశాడు. జాన్ క్రాకవర్ రాసింది. ఇల్లూ డబ్బూ వదిలేసి తిరిగిన క్రిస్ మెకాండ్లెస్, 1992లో అలాస్కాలో పాడుబడ్డ బస్సులో ఆకలితో చనిపోయిన కథ. బైకు వేసుకుని తిరిగే కుర్రాళ్ళలో ఇది చదవనివాడు అరుదు. ఆ బస్సులో దొరికినవాటిలో పుస్తకాలు కూడా ఉన్నాయి. అడవి మొక్కల గురించిన పుస్తకం చివర ఖాళీ కాగితాల మీద అతను డైరీ రాసుకున్నాడు. ‘డాక్టర్ జివాగో’ పేజీ పక్కన, సంతోషం పంచుకుంటేనే నిజమవుతుందన్న అర్థం వచ్చేలా ఓ మాట రాశాడు. మాస్టారు ఇదంతా శ్రద్ధగా విని, “చదివిన పుస్తకం ఇంకోడికి ఇవ్వడానికైనా తిరిగి రావాలి కదరా,” అన్నారు. కుర్రాడికి కోపం వచ్చింది. టీ చల్లారిపోయింది.

మధ్యాహ్నం భీమిలి బస్సెక్కి తొట్లకొండ మలుపు దగ్గర దిగాం. సన్నటి తుంపర. 128 మీటర్ల కొండే గానీ, తడి రోడ్డు మీద మాస్టారితో కలిసి ఎక్కడానికి చాలాసేపు పట్టింది. నౌకాదళం సర్వేలో బయటపడ్డాక, 1988 నుంచి 1993 దాకా పురావస్తుశాఖ తవ్విన బౌద్ధారామం ఇది. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఆ రోజు నిండి పొర్లుతున్నాయి. కింద మంగమారిపేట పడవలు ఒడ్డుకి లాగేసి ఉన్నాయి. వానలో సెల్ఫీల జనం లేరు, అదో అదృష్టం.

ఇటికల గదుల పునాదుల మధ్య నిలబడి టీచరుగారు చెప్పిన సంగతి నాకు ఈ ప్రయాణం మొత్తంలో విలువైనది. భిక్షువంటే తిరగాల్సినవాడు. కానీ వానాకాలం మూడు నెలలూ ఒకచోట ఉండిపోవాలని నియమం. చదువూ, వల్లెవేతా, చర్చా గట్టిగా సాగేది ఆ బసలోనే. మనం వెక్కిరింపుగా వాడే వానాకాలం చదువు వాళ్ళకి అసలైన చదువన్నమాట. ఇక్కడ ఆరామం వెలిసిన తొలినాళ్ళలో వాళ్ళ గ్రంథాలు ఎక్కువగా కంఠస్థంగానే నడిచేవి. పుస్తకం బరువు సున్నా. తర్వాతి కాలంలో హ్యూయెన్‌త్సాంగ్‌కి ఆ సౌకర్యం లేదు. 645లో చైనా రాజధానికి చేరేటప్పుడు 657 గ్రంథాలు గుర్రాల మీద మోయించుకెళ్ళాడు. అంతకుముందు సింధు నది దాటుతుంటే పడవలోంచి కొన్ని ప్రతులు కొట్టుకుపోయాయి కూడా. రాహుల్‌జీ టిబెట్ నుంచి రాతప్రతులు తెచ్చింది కంచరగాడిదల మీద.

రాహుల్ పేరు ఎత్తగానే నేను అందుకున్నాను. చదువు సాగేది బసలోనే అన్న మీ సిద్ధాంతం ఆయన దగ్గర చెల్లదన్నాను. తిరుగుడు మీద ఏకంగా ‘ఘుమక్కడ్ శాస్త్ర’ రాసినాయన, చిన్నప్పుడు ఉర్దూ వాచకంలో లోకం తిరగమన్న ఒక్క ద్విపద చదివి ఇల్లు వదిలినాయన. టీచరుగారు తొణకలేదు. “మరి ‘ఓల్గా నుంచి గంగకు’ ఎక్కడ కూర్చుని రాశాడు?” అన్నారు. హజారీబాగ్ జైల్లో. 1942లో. జైలు గోడల మధ్య కదలకుండా కూర్చున్నవాడు ఎనిమిది వేల ఏళ్ళ వలసల కథ రాస్తాడు, కదిలేవాడు సంచిలో వంటింటి కబుర్లు మోస్తాడు. యాత్రల పుస్తకాలు ఇంట్లో ఉన్నవాళ్ళ కోసమని ఆవిడ తీర్పు. వీరాస్వామయ్యగారు 1830, 31ల్లో కాశీ వెళ్ళివస్తూ రాసిన సంగతులన్నీ మద్రాసులో స్నేహితుడి కోసమేగా అని కూడా కలిపారు. ఆయన తిరుగు ప్రయాణం ఈ తీరం వెంటే సాగింది, మేం నిలబడ్డ కొండకి ఎంతో దూరంలో కాదు.

నాకు సగమే ఒప్పుదల. ఇంట్లో చదివిన యాత్రలే కదా మమ్మల్ని గడప దాటించింది! పరవస్తు లోకేశ్వర్ ఛత్తీస్‌గఢ్ స్కూటర్ యాత్ర చదవకపోతే కుర్రాడికి బస్తర్ ఎటుందో తెలిసేది కాదని వాడే ఒప్పుకున్నాడు. బయల్దేరదీసే పుస్తకం వేరు, దారిలో తోడుండేది వేరు అనుకుంటే మా ఇద్దరి మాటా నిలుస్తుంది. ఆవిడ మాత్రం రాజీకి రాలేదు.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంతకింద పప్పు తింటూ బరువు గురించి మాట్లాడుకున్నాం. అసలు గొడవ అదే. నాలుగు చొక్కాలు తగ్గించుకునైనా పుస్తకం పెట్టుకునేవాళ్ళున్నారు. చదివేసిన పుస్తకం బెర్తు మీద వదిలి దిగిపోయేవాళ్ళున్నారు. బీచ్ రోడ్డు హాస్టళ్ళలో ఒకటిచ్చి ఒకటి తీసుకునే అలమరలూ ఉన్నాయట. అక్కడ తెలుగు పుస్తకం మాత్రం కనిపించదని కుర్రాడు చెప్పాడు. లావు పుస్తకాన్ని వెన్ను దగ్గర చీల్చి, చదవాల్సిన భాగమే తీసుకెళ్తానని టీచరుగారు చల్లగా చెప్పినప్పుడు మాస్టారు చేతిలో పొట్లం పక్కన పెట్టేశారు. “పాపం తగుల్తాదమ్మా.” “తగిలితే తగలనీండి, భుజం నొప్పి తగ్గుద్ది.”

మర్నాడు వన్ టౌన్ సందుల్లో కాసేపు తిరిగాం. ఏ ఊళ్ళో ఆ ఊరి రచయితని చదవాలని మాస్టారి పద్ధతి. రావిశాస్త్రి ‘అల్పజీవి’ నాకు బెజవాడలో చదివినప్పుడు కథానాయకుడు సుబ్బయ్య మీద జాలి మాత్రమే కలిగింది. ఇక్కడ ఆఫీసు గుమ్మాల్లో, ఇరుకు మెట్ల మీద తలొంచుకుని పోయేవాళ్ళని చూస్తే సుబ్బయ్య భయం ఎత్తూ వెడల్పూ తెలిసింది.

టీచరుగారు ఆ తర్వాత రోజు కిరండూల్ బండికి జగదల్‌పూర్ వెళ్ళాలి. ‘వనవాసి’ మళ్ళీ పూర్తయిపోయిందట. నా ఇటుక మీద కన్నేశారు. యాత్రలు ఇంట్లో చదువుకోవాలన్నారుగా అంటే, “ఇది ఆత్మకథ,” అన్నారు. నేనింకా మొదట్లోనే ఉన్నాను, పూర్తిగా ఇవ్వడానికి మనసొప్పలేదు. స్టేషన్ బయట మాస్టారు చూస్తుండగానే ఆవిడ సంచిలోంచి బ్లేడు తీశారు. మాస్టారు మొహం అటు తిప్పుకున్నారు గానీ, వెన్ను చిరిగిపోకుండా అతికించడానికి జేబులోంచి టేపు తీసిచ్చింది కూడా ఆయనే. ప్రస్తుతం హంపీ నా దగ్గరుంది. హరప్పా జగదల్‌పూర్‌లో ఎక్కడో ఉంది, దసరా సెలవుల్లో ఇస్తానన్నారు.