880 పక్కన అద్దె ఇల్లు

కాలిఫోర్నియాలోని వెస్ట్ ఓక్లాండ్‌లో, 880 ఫ్రీవే పక్కన ఇల్లు తీసుకున్నది అద్దె తక్కువని, బార్ట్ (లోకల్ రైలు) స్టేషన్‌కి నడిచి పోవచ్చని. మొదటి చలికాలంలోనే దగ్గు పట్టుకుంది. పగలంతా మామూలుగానే ఉండేది. తెల్లవారుజామున ఛాతీ బిగుసుకుపోయి, పిల్లికూతలతో మెలకువ వచ్చేది. మంచం మీద కూర్చుని, మోకాళ్లకి మోచేతులు ఆనించి ముందుకి వంగితే తప్ప ఊపిరి ఆడేది కాదు. గుంటూరు నుంచి అమ్మ మిరియాల కషాయం తాగమంది. తాగాను. గొంతుకి హాయిగా ఉండేది గానీ ఆయాసం ఎక్కడిదక్కడే.

ఒక రాత్రి మాట కూడా పూర్తిగా రాకపోయేసరికి మా ఆవిడ భయపడి ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. నెబ్యులైజర్ పెట్టారు, స్టెరాయిడ్ మాత్రలిచ్చారు. తర్వాత ఊపిరితిత్తుల డాక్టరు గొట్టంలోకి గట్టిగా ఊదించి, ఉబ్బసమని తేల్చింది. ఇంట్లో ఎవరికైనా ఉందా అంది. నానమ్మకి ఉండేది. ఆ తర్వాత అడిగింది అడ్రసు. చెప్పగానే, "పోర్టు దగ్గరా?" అంది. ఇల్లే కారణమని మాత్రం అనలేదు. పోర్టుకి తిరిగే ట్రక్కుల డీజిల్ పొగ ఉబ్బసాన్ని రేపుతుందని, కిటికీలు మూసుకోమని చెప్పింది.

మా కిటికీ గట్టు తుడిస్తే గుడ్డకి కాటుకలాంటి జిడ్డు మసి అంటేది. వేళ్లకంటితే సబ్బుకి ఓ పట్టాన వదిలేది కాదు. అసలు చిక్కు ఆ కనిపించే మసితో కాదట, 2.5 మైక్రాన్ల లోపు రేణువులతో. అవి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి.

పక్కింటి పెద్దావిడ, నల్లజాతి మనిషి, అక్కడే పుట్టి పెరిగింది. ఆవిడకీ ఉబ్బసమే, మనవడికీ అంతే. "580 మీద ట్రక్కు చూశావా ఎప్పుడైనా?" అనడిగింది. నిజమే, చూడలేదు. గ్రాండ్ ఎవెన్యూ నుంచి శాన్ లియాండ్రో దాకా ఆ ఫ్రీవే మీద నాలుగున్నర టన్నులు దాటిన ట్రక్కులకి 1960ల నుంచీ నిషేధం. అది కలిగినవాళ్లుండే కొండవైపు దారి. ఆ బరువంతా నల్లవాళ్లు, లాటినోలు, ఆసియావాళ్లు ఉండే 880 మీద పడుతుంది. 1930ల్లో బ్యాంకు అప్పుల కోసం గీసిన మ్యాపుల్లో వెస్ట్ ఓక్లాండ్‌కి, ఇక్కడ అప్పివ్వడం ప్రమాదమని, ఎర్ర రంగు పూశారు. అలా ఎర్ర రంగు పడ్డ పేటల్లో ఇప్పటికీ గాలి ఎక్కువ చెడిపోయి ఉందని 202 నగరాల మీద 2022లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఇలాంటివి ఏ రియల్ ఎస్టేట్ యాప్‌లోనూ కనపడవు లెండి.

పొద్దునా రాత్రీ ఇన్‌హేలర్, పీల్చాక నోరు పుక్కిలించడం, పడకగదిలో ఎయిర్ ఫిల్టర్. "అలవాటైపోతుందిరా, మానెయ్" అని అమ్మ టెన్షన్. మానలేదు. ఊపిరి ఎంత వేగంగా ఊదగలమో కొలిచే పీక్ ఫ్లో మీటరులో 280 దగ్గర ఆగిపోయే ముల్లు మెల్లగా 400 దాటింది. లీజు అయిపోగానే అద్దె ఎక్కువైనా కొండవైపు మారాం. డాక్టరు డోసు తగ్గించింది. అందులో మందు పాలెంతో, మారిన ఇంటి పాలెంతో నాకు తెలీదు. పెద్దావిడకి అది సొంతిల్లు, ఎక్కడికి పోతుంది?

1989 భూకంపంలో 880లో భాగమైన సైప్రెస్ ఫ్రీవే కూలి 42 మంది పోయాక, దాన్ని మళ్లీ పేట మధ్యలోంచి కట్టనివ్వని జనం ఆ వెస్ట్ ఓక్లాండ్ వాళ్లు. 2019లో పోరాడి గాలి బాగుకి సొంత ప్రణాళిక రాయించుకున్నారు. ట్రక్కులు ఏ వీధిలో తిరగాలి, ఎక్కడ ఆగాలి అన్న గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. కుదిరినప్పుడు ఆవిడతో మీటింగులకి వెళ్తున్నాను. వాళ్ల ట్రక్కుల లెక్కల్ని ఎక్సెల్‌లోకి ఎక్కించే పని నాది.