మిద్దె కొలతల నుంచి సేల్ డీడ్ దాకా: నా పీహెచ్‌డీ అనుభవం

పీహెచ్‌డీలో చేరినప్పుడు నా టాపిక్ పేరు ఒక్క ఊపిరిలో చదవలేకపోయేదాన్ని. నగరాలు, విద్యుత్తు, స్థిరాస్తి, సుస్థిర భవిష్యత్తు అన్నీ అందులోనే కుక్కాను. గైడ్ మేడం పెన్ను తీసి ఒక్కో మాటా కొట్టేస్తూ పోయారు. చివరికి మిగిలింది ఒక్కటే: బెంగళూరు అపార్ట్‌మెంట్ల మిద్దెల మీద సోలార్ ప్యానెళ్లు ఎందుకు పెట్టుకోరు? మాది హిందూపురం. ఈ మాత్రం దానికి అంత చదువెందుకని నాన్న అడిగాడు. నాకూ లోపల అదే అనుమానం.

12 క్రెడిట్ల కోర్స్‌వర్క్ ఎలాగో గట్టెక్కింది. మనుషుల మీద చేసే పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దగ్గర మాత్రం నెలలు పోయాయి. మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు నేను ఎంచుకున్న అపార్ట్‌మెంట్లలో చాలామంది మనవాళ్లే కదా అని సమ్మతి పత్రం ఇంగ్లిష్‌లో, తెలుగులో రాసిచ్చాను. కన్నడ ఏదని తిప్పి పంపారు. తప్పు నాదే. రెండోసారి కరెంటు బిల్లుల మీద పేరు, అకౌంట్ నంబరు కనబడకూడదన్నారు. మూడోసారికి సంతకం దొరికింది.

మొదటి మిద్దె ఎక్కింది జూన్‌లో. వాచ్‌మన్‌ది మడకశిర. ఊరి పేరు చెప్పగానే తాళం తీశాడు, నేను అంత కష్టపడి తెచ్చుకున్న అనుమతి లెటర్ చూడనే లేదు. ఒక కిలోవాట్ ప్యానెళ్లకు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. దాని మీద సగటున రోజుకు 4 యూనిట్ల దాకా వస్తాయి. లిఫ్టు గది, డిష్‌లు, వాటర్ హీటర్లు, ఎవరో ఎండబెట్టిన వడియాలు తప్పించుకుంటూ టేపు పట్టి కొలిచాను. నీళ్ల ట్యాంకు పదడుగుల ఎత్తు. మధ్యాహ్నం దాని నీడ దక్షిణం వైపు రెండడుగులు కూడా లేదు. చాక్‌పీసుతో గీత గీసి, ఉత్తరం వైపంతా ఖాళీ అని రాసుకుని సంబరంగా వచ్చేశాను.

మేడం ఒక్కటే అడిగారు: "డిసెంబర్‌లో చూశావా?"

బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్‌లో సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు, డిసెంబర్‌లో దక్షిణాన కిందికి దిగుతాడు. డిసెంబర్‌లో మళ్లీ వెళ్తే మధ్యాహ్నానికే ఆ నీడ ఉత్తరంగా ఏడడుగులు దాటింది. సరిగ్గా నేను ప్యానెళ్లు గీసుకున్న చోటే. ఇంజనీరింగ్ చదివి ఇది మర్చిపోయానే అని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నీడ సంగతి అక్కడితో తేలింది. తర్వాత రెండేళ్లూ మనుషుల చుట్టూ తిరగడమే. 2023లో కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వచ్చాక 200 యూనిట్ల లోపు వాడే చాలా ఇళ్లకు బిల్లు సున్నా. వాళ్ల ముందు సోలార్ మాటెత్తితే నవ్వారు. అద్దెకున్నవాళ్లు ఓనర్‌ను అడగమంటారు, ఓనరేమో బిల్లు కట్టేది నేను కాదుగా అంటాడు. ఇక మిగిలింది లిఫ్టు, మోటారు, మెట్ల లైట్ల కామన్ మీటర్. ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో అందరి జేబులోంచీ పోతుంది. 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద ఉమ్మడి వాడకానికి అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు కిలోవాట్‌కు 18 వేల రూపాయల సబ్సిడీ కూడా ఉంది.

మరి ఆ మిద్దె ఎవరిది? ఒక పాత అపార్ట్‌మెంట్‌లో సేల్ డీడ్ తెరిస్తే టెర్రస్ హక్కులు బిల్డర్ తనకే అట్టిపెట్టుకున్నాడు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం టెర్రస్‌ను ఉమ్మడి స్థలాల్లో చేర్చింది గానీ, ఈ భవనం అంతకు చాలా ముందే కట్టేశారు. డీడ్‌లో ఆ పేరా ఉందని సెక్రటరీకే తెలియదు. ఆయన ముఖం చూసి ఆ రోజుకు ఇంటర్వ్యూ ఆపేశాను.

మొదటి అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండే నెల్లూరు పెద్దాయనది ఇంకో బాధ. "ఎండ అందరిదీనమ్మా, స్లాబు కారితే మాత్రం నా పడగ్గదిలోకే" అన్నాడు. సీలింగ్ మీద చెమ్మ మరక చూపించాడు, ఎన్నిసార్లు పెయింటేసినా పైకి తేలుతోందట. నా ప్రశ్నావళిలో దానికి గడే లేదు. ఆ రాత్రే చేర్చాను.

కాంప్రహెన్సివ్ వైవా అనే మౌఖిక పరీక్షలో ఒకాయన "మీది ఎనర్జీయా, ప్లానింగా, లానా?" అని అడిగారు. ఏదో ఒకటి చెప్తే మిగతా రెండూ వదులుకోవాలి. పేర్లు కొట్టేసిన సేల్ డీడ్ జిరాక్స్ తీసి టేబుల్ మీద పెట్టాను. అరగంట దాని మీదే మాట్లాడుకున్నారు.

మొన్న పెద్దాయన వాళ్ల జనరల్ బాడీ 10 కిలోవాట్లకు ఒప్పుకుంది. స్లాబుకు ఒక్క చిల్లు కూడా పడకూడదని ఆయన షరతు. ప్యానెళ్ల కాళ్లు కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టొచ్చని చెప్పాను. అంత బరువు ఈ స్లాబు మోస్తుందా అని వెనక నుంచి ఇంకొకాయన లేచాడు. ఆ లెక్క నా ఏ చాప్టర్‌లోనూ లేదు. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను వెంటబెట్టుకుని శనివారం వెళ్తున్నాను. వాచ్‌మన్ తాళం తీసి ఉంచుతానన్నాడు.