క్యూబిజం గీయాలంటే ముందు గీత తెంపాలె

మన నల్లగొండ, పాలమూరు దిక్కు బొమ్మలు నేర్చుకునే పిల్లలు క్యూబిజం (వస్తువును పలు దిక్కుల నుంచి చూసినట్టు తలాలుగ విడగొట్టి గీసే తీరు) అనంగనే స్కేలు పట్టుకొని ముఖాన్ని ముక్కలు చేస్తరు. ప్రతి ముక్క చుట్టూ నల్లగీత, లోపల ఒక్కో రంగు. పగిలిన అద్దంలెక్క ఉంటది గానీ అది క్యూబిజం కాదు. ఎందుకంటే గీత ఎక్కడా తెగలేదు.

గీత తెంపుడు, అంటే అంచును అక్కడక్కడ తెరిచి వదులుడు, ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ నుంచి వచ్చింది. చెట్టు కొమ్మనూ దాని వెనక కొండనూ ఆయన ఒకే తీరు కుంచె వాటులతో కలిపేటోడు. అక్కడ అంచు తెగి, దూరంది ముందుకొస్తది. ఆయన 1906ల చనిపోతే, మరుసటేడు పారిస్‌ల పెట్టిన ప్రదర్శన కుర్ర చిత్రకారులను కుదిపేసింది. అదే 1907ల పికాసో ‘అవిన్యోఁ యువతులు’ గీసిండు. సుమారు 8 అడుగుల ఎత్తు కాన్వాసు, ఐదుగురు ఆడవాళ్లు. చాలామంది క్యూబిజాన్ని దీనితోనే మొదలుపెడతరు. నా దృష్టిల మాత్రం అసలు పునాది 1908 ఎండకాలంల ఫ్రెంచ్ చిత్రకారుడు బ్రాక్ గీసిన లెస్తాక్ (దక్షిణ ఫ్రాన్స్‌ల ఒక ఊరు) ఇండ్లే. ఆకాశం లేదు, తలుపులు కిటికీలు లేవు. ఇండ్లు ఒకదాని మీదొకటి ఎక్కుతూ కాన్వాసు నిండా పరుచుకుంటయి.

మీకు నల్లగొండల లతీఫ్ సాబ్ గుట్ట కింది ఇండ్లు ఉన్నయి కదా, అవి గీయండి. 12×16 అంగుళాల బోర్డు చాలు. రంగులు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ), నలుపు, తెలుపు, అంతే. ఆకాశాన్ని బోర్డులకు రానియ్యొద్దు. ఒక గోడకు వెలుగు ఎడమ నుంచి పెడితే పక్క గోడకు కుడి నుంచి పెట్టండి. ప్రతి గోడకు మూడంచులు పట్టుకొని, నాలుగోదాన్ని పక్క రంగులకు కరగనియ్యండి. అన్నీ వదిలేస్తే బురద అయితది, అన్నీ మూస్తే టైల్స్ అయితయి. మన ఎండలకు అక్రిలిక్ నిమిషాల్ల ఆరిపోయి అంచు కరగదు. అప్పుడు నీళ్లు కలిపి రుద్దకుండా, అరంగుళం అడ్డవాటులు పక్కపక్కన వెయ్యండి. 1910–11ల పికాసో, బ్రాక్ కూడా చిన్న చిన్న వాటులే వేసిండ్రు.

ఆ రెండేండ్లల్ల వాళ్లు ఎంత దూరం పోయిండ్రంటే, వస్తువే గుర్తుపట్టరాకుండా అయింది. అందుకే 1911ల బ్రాక్ స్టెన్సిల్ అక్షరాలు దించిండు. ఇండ్లకు రంగులేసే పని నేర్చినోడు గనుక, తడి రంగు మీద దువ్వెనతోటి చెక్కలెక్క గీరలు తీసుడు కూడా ఆయనకు తెలుసు. 1912 మేల పికాసో కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్ అతికించి చుట్టూ తాడు కట్టిండు. సెప్టెంబర్‌ల బ్రాక్ చెక్క డిజైన్ వాల్‌పేపర్ అతికించి, దాని మీదంగ బొగ్గుతోటి గీసిండు. మీరు అతికించేటప్పుడు కింద పలుచటి డ్రాయింగ్ షీట్ వద్దు, జిగురు తడికి ముడుచుకుంటది. కిందికి మందం అట్ట తీసుకొని, అతికించే కాగితాన్ని నడుమ నుంచి అంచులకు ఒత్తండి. బొగ్గు గీత కాగితం అంచు కాడ ఆగొద్దు, దాటిపోవాలె. ఆగితే అది అతికించిన ముక్కగనే మిగులుతది.

గ్లేజ్, మెట్జింగర్ అనే చిత్రకారులు 1911ల ప్రదర్శనలు పెట్టి జనానికి క్యూబిజం చూపించిండ్రు. చూసి నేర్చుకోవాలంటే మాత్రం బ్రాక్ తర్వాత స్పెయిన్ చిత్రకారుడు హువాన్ గ్రిస్ దగ్గరికి పోవాలె. సెజాన్ సీసాను సిలిండర్ చేస్తడు, నేను సిలిండర్‌ను సీసా చేస్త అనేటోడు గ్రిస్. ఆయన కట్టడం ముందు వేసుకొని వస్తువును తర్వాత దింపుతడు. అది మొదలే పట్టుకుంటే పిల్లల చెయ్యి మళ్లా స్కేలు మీదికే పోతది. ముందు పదిహేను, ఇరవై బోర్డులు బ్రాక్ పద్ధతిల చెయ్యండి, గ్రిస్ తర్వాత.