బస్సెక్కే ముందు కడుపు కదిలిపోతుంటే: హిప్నోసిస్ ఎంతవరకు?

విశాఖ గాజువాకలో బస్సెక్కాలి, దిగేది ఆర్టీసీ కాంప్లెక్సులో. ఇంట్లో రెండుసార్లు వెళ్ళొచ్చినా స్టాపులో నిలబడగానే మళ్ళీ కడుపు కదులుతుంది. స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. డాక్టరు చీటీ మీద ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ తేలకపోయినా కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో వదలని పేగు ఇబ్బంది) అని రాసి, టెన్షన్ తగ్గించుకోమంటారు. ఎలాగో మాత్రం చెప్పరు. హిప్నోసిస్ అనగానే ఊగే లోలకం, స్టేజీ మీద ఉల్లిపాయని ఆపిల్ అనుకుని కొరికేసే కుర్రాడు గుర్తొస్తారు గానీ, దానికి కాస్త గట్టి ఆధారం ఉన్నవాటిల్లో ఈ కడుపు విషయం ఒకటి.

1984లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో కడుపు డాక్టరు పీటర్ వోర్వెల్ బృందం, మందులతో గుణం కనపడని 30 మంది ఐబీఎస్ రోగుల్ని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకి హిప్నోథెరపీ, రెండో జట్టుకి మాట్లాడే చికిత్సతో పాటు ఉత్తుత్తి మాత్రలు. మొదటి జట్టే బాగా తేరుకుంది. 2008లో బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల సంస్థ నైస్, 12 నెలలు మందులు వాడినా తగ్గని ఐబీఎస్‌కి హిప్నోథెరపీ కూడా ఆలోచించమంది. సిగరెట్ మాన్పించడం దగ్గరికొస్తే కథ వేరు. మిగతా పద్ధతుల కన్నా హిప్నోసిస్ మెరుగని తేల్చేంత ఆధారం దొరకలేదని, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్ష చెప్పింది. అందుకే 'ఒక్క సిట్టింగ్‌లో సిగరెట్ బంద్' అనే బోర్డుకి డబ్బులు కట్టొద్దనే అంటాను.

హిప్నోసిస్ అంటే నిద్ర కాదు. ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చుని అలల్ని చూస్తున్నప్పుడు, పక్కన ముంతమసాలా అబ్బాయి రెండుసార్లు పిలిచినా వినపడదు చూడండి, ఆ ధ్యాసే. ఆ ధ్యాసలో ఉండగా చెప్పిన మాటని ఒళ్ళు పట్టించుకుంటుంది. అందరిలోనూ ఒకేలా కాదు. నూటికి పది పదిహేను మంది ఇట్టే లోపలికి వెళ్ళిపోతారు, దాదాపు అంతేమందికి ఎంత చేసినా అంతంతమాత్రం. మిగతా జనమంతా మధ్యలో. ఐబీఎస్‌కి మధ్యరకం కూడా సరిపోతుంది.

సిట్టింగ్ అరగంట నుంచి ముప్పావుగంట, వారానికో రెండు వారాలకో ఒకటి, మొత్తం ఏడు నుంచి పన్నెండు. అసలు పని ఇంట్లో రోజూ వినే ఇరవై నిమిషాల రికార్డింగ్‌ది. వీపు ఆనించి కూర్చుని, కనుబొమల కన్నా కాస్త ఎత్తులో గోడ మీద ఒక చుక్కని చూస్తూ ఉంటే రెప్పలు వాటంతటవే బరువెక్కుతాయి. కళ్ళు మూసి, పది నుంచి వెనక్కి లెక్కపెడుతూ, ఒక్కో అంకెకి ఒక్కో మెట్టు దిగుతున్నట్టు ఊహించాలి. అప్పుడు అరచేయి బొడ్డు మీద పెట్టాలి. చేతి కింద వెచ్చదనం ముందు చర్మానికి, తర్వాత లోపలికి పాకుతున్నట్టు గమనించాలి. దీనికి తొందరపడకుండా నాలుగైదు నిమిషాలు ఇవ్వండి.

తర్వాత ఊహ. మాంచెస్టర్ వాళ్ళు నదిని వాడతారు. మన ఉత్తరాంధ్రవాళ్ళకి గెడ్డ, అంటే వాగు, ఉండగా నది ఎందుకు? విరేచనాల రకమైతే, వానకి పొంగి ఎర్రగా ఉరికే గెడ్డ మెల్లగా తేరుకుని, రాళ్ళు కనపడేంత నిదానంగా పారుతున్నట్టు చూసుకోవాలి. మలబద్ధకమైతే తిరగేయాలి: ఎండిన గెడ్డలో పైనుంచి నీళ్ళొచ్చి, అడ్డుపడ్డ చెత్తని కదిలించుకుంటూ పోతాయి. ఈ రెండూ తారుమారు చేసి, అందరికీ ఒకటే ఆడియో అంటగట్టేవాళ్ళున్నారు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది మాటల దగ్గర. 'నాకు నొప్పి రాదు, బాత్రూమ్ గుర్తు రాదు' అంటే ముందు గుర్తొచ్చేవి ఆ రెండే. 'చేతి కింద వెచ్చగా ఉంది. పేగు నింపాదిగా కదులుతోంది. బస్సు మెట్టెక్కి కడ్డీ పట్టుకోగానే ఈ వెచ్చదనం మళ్ళీ తెలుస్తుంది' అనండి. కడ్డీ లాంటి గుర్తు ఒకటి ఉండాలి, లేకపోతే కుర్చీలో కుదిరింది స్టాపులో గుర్తు రాదు. ఇంగ్లిష్ స్క్రిప్టుని తర్జుమా చేసిన 'మీరు గాఢ విశ్రాంత స్థితిలోకి జారుకొనుచున్నారు' కన్నా, అమ్మ మాట్లాడే తెలుగులో చెప్పిన 'ఒళ్ళు వదులైపోతోంది' బాగా దిగుతుంది.

భోంచేసిన వెంటనే, మంచం మీద పడుకుని వింటే నిద్ర పడుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగి వచ్చినవాళ్ళకి మరీను. వాళ్ళు నిద్ర లేచాక చెయ్యడమే మేలు. ఇంకొందరు 'వెళ్ళిపోయానా, లేదా' అని నిమిషానికోసారి తమని తామే తడిమి చూసుకుంటారు. బయట హారన్లు వినపడుతున్నా ఫరవాలేదు, అది పనిచెయ్యట్లేదని కాదు. మూడు నాలుగు రోజులకే మార్పు రాలేదని మానేసేవాళ్ళకి చెప్పేదేముంది!

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన ఇబ్బంది: వీటిల్లో ఏది ఉన్నా ముందు కడుపు డాక్టరు దగ్గరికే. లేని గొంతులు వినపడేవాళ్ళు, లేనిపోని అనుమానాలతో వేగేవాళ్ళు ఇంట్లో సొంతంగా ఇది చెయ్యకూడదు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల లాంటి చోట సైకియాట్రిస్టుకి చూపించాలి.

చేయించుకోవాలంటే, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని అడగండి. రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్ గోడకి వేలాడదీసినంత మాత్రాన థెరపిస్ట్ అయిపోరు. గత జన్మకో, మూడేళ్ళ వయసుకో తీసుకెళ్ళి 'అసలు కారణం' పట్టిస్తామంటే లేచి వచ్చెయ్యండి. హిప్నోసిస్‌లో గుర్తొచ్చినవి నిజమయ్యే పూచీ లేదు. లేనివి జరిగాయన్న నమ్మకం మాత్రం గట్టిపడుతుంది, దాంతో ఇళ్ళల్లో గొడవలు మొదలవుతాయి.

రోజూ చివర్లో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి, వేళ్ళు కదిపి, కళ్ళు తెరవాలి. మత్తుగా ఉంటే మళ్ళీ లెక్కపెట్టండి. రెండు నిమిషాలు కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగి, ఆ తర్వాతే బండి తాళం తియ్యండి.