గంజాయి మానేసిన మొదటి వారం

ఒడిశాలోని రాయగడలో మా తెలుగువాళ్ల ఇళ్లలో గంజాయి గురించి గుసగుసలే తప్ప ఎవరూ సూటిగా మాట్లాడరు. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో చాలామందికి దేనిమీదా ఆసక్తి ఉండదు, చెప్పింది గుర్తుండదు, దాన్ని అందరూ బద్ధకం అనేస్తారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది మానేశాక జరిగేది. ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, టెన్షన్, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం మొదలై మొదటి వారంలో బాగా ముదురుతాయి, పట్టిన కాస్త నిద్రలోనూ వింత కలలు. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్లు "మానేసినా వీడి బుద్ధి మారలేదు" అని తిడతారు, వాడు మళ్లీ మొదలుపెడతాడు.

ఇది బుద్ధి కాదండీ! అమెరికా మానసిక వైద్యులు వాడే మానసిక రుగ్మతల పుస్తకం డీఎస్ఎం-5 దీన్ని 2013లోనే రుగ్మతగా చేర్చింది. చాలామందికి రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, నిద్ర మాత్రం ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అప్పటిదాకా వాడితో గొడవ పెట్టుకోకండి. సాయం కావాలంటే ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఖర్చు లేదు.