బార్బరా కుక్ అతితార స్థాయి

గాయకుల ప్రతిభను స్థాయిల (ఏడేసి స్వరాల వరుసల) లెక్కలో కొలిచే అలవాటు నాకు అంతగా నచ్చదు. ఒకరు మూడు స్థాయిలు పాడగలరనీ, మరొకరు నాలుగు పాడగలరనీ చెప్పుకున్నంత మాత్రాన ఆ గొంతును మళ్ళీ వినాలనిపిస్తుందన్న నమ్మకమేమీ లేదు. అయినా అమెరికన్ సంగీత నాటక రంగపు సొప్రానో (స్త్రీ గొంతుల్లో అన్నింటికన్నా ఎత్తైన గొంతు గల గాయని) బార్బరా కుక్ గురించి రాయడానికి కూర్చుంటే, ఆమె అందుకున్న ఎత్తు దగ్గరే మొదలుపెట్టక తప్పడం లేదు.

ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ వ్యంగ్య కథ ఆధారంగా లెనార్డ్ బెర్న్‌స్టైన్ స్వరపరచిన 'కాండీడ్' 1956 డిసెంబరులో న్యూయార్క్‌లోని నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేకు వచ్చింది. అందులో కథానాయిక కునెగొండె పాత్రను కుక్ ధరించింది. చెడిపోయిన తన బతుకును తలచుకుని దుఃఖించడం మొదలుపెట్టిన ఆ నాయిక, నగలు గుర్తుకు రాగానే ఏడుపు మరచి నవ్వులో పడే పాట ఒకటి అందులో ఉంది. ఆ నవ్వునే బెర్న్‌స్టైన్ మెరుపు వేగంతో సాగే స్వరాల వరుసగా మలిచాడు. అది 'హై సి' అని పిలిచే స్వరాన్ని దాటి, దానిపైన ఉన్న ఇ-ఫ్లాట్ దాకా ఎగబాకుతుంది. మామూలు సంభాషణలో స్త్రీల స్వరతంత్రులు సెకనుకు దాదాపు 200 సార్లు కంపిస్తే, ఈ స్వరానికి సుమారు 1245 సార్లు కంపించాలి.

అంత ఎత్తులో మాట నిలవదు. ఒక అచ్చును మరొక అచ్చు నుంచి వేరుగా వినిపించేవి గొంతులో, నోటిలో పుట్టే అనునాదాలు, అంటే అక్కడి గాలి ప్రతిధ్వనిస్తూ బలపరచే కంపనాలు. 'ఇ', 'ఉ'ల విషయంలో వాటిలో మొదటిది 300, 400 హెర్ట్జ్‌ల (సెకనుకు అన్ని కంపనాల) ప్రాంతంలోనే ఉంటుంది కనుక, పాడే స్వరమే దాన్ని ఎంతో మించిపోయినప్పుడు వినేవారికి అచ్చులన్నీ ఒకేలా తోస్తాయి. బెర్న్‌స్టైన్ ఆ ఎత్తైన చోట మాటలకు బదులు నవ్వు పెట్టడం నాకు గొప్ప యుక్తిగా కనిపిస్తుంది. అయితే కాగితం మీద నవ్వు రాసి ఉన్నంత మాత్రాన గొంతులో నవ్వు పుట్టదు. ఎందరో గాయనులు దాన్ని సాధకం చేసినంత శుభ్రంగా పాడతారు, నవ్వు మాత్రం రాదు. అప్పటికి 29 ఏళ్ళున్న కుక్ పాడిన రికార్డింగులో, దుఃఖం నటిస్తూ నటిస్తూ సంతోషాన్ని దాచుకోలేకపోతున్న ఒక మనిషి వినిపిస్తుంది.

ఆ నాటకం 73 ప్రదర్శనలతోనే ముగిసింది. మరుసటి ఏడాది 'ది మ్యూజిక్ మ్యాన్'లో ఆమె గ్రంథాలయాధికారిణి మేరియన్ పాత్ర ధరించి బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే టోనీ పురస్కారం అందుకుంది. ఆకాశానికి ఎగిరే ఆ స్వరాలతో ఈ పాత్రకు పని లేదు. గొంతు మధ్య స్థాయిలో, మాట్లాడుతున్నట్టే, ఒక్క అక్షరమైనా నలగకుండా సాగుతుంది. ఈ రెండు రికార్డింగులనూ వెంట వెంటనే విన్నప్పుడు, పై స్థాయిలో చూపిన ఒడుపే ఈ మధ్య స్థాయిలో నిబ్బరంగా మారిందని నాకు అర్థమైంది. పైకి వెళ్ళగలిగినవారు కిందనే ఉండిపోవడంలో ఒక తీరుబడి ఉంటుంది; అది పైకి పోలేనివారి జాగ్రత్త వంటిది కాదు.

1975లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ కచేరీతో ఆమె రెండవ ప్రస్థానం మొదలైంది. వయసుతో పాటు పై స్వరాలు తగ్గాయి, గొంతు చిక్కబడి కిందికి దిగింది. 2010లో, 82 ఏళ్ళ వయసులో, ఆమె మళ్ళీ బ్రాడ్‌వే వేదిక మీద పాడింది. వృద్ధాప్యంలోని ఆ పాటలలో ఇ-ఫ్లాట్ కోసం వెతకాలన్న తలపే నాకు రాలేదు. ఒక పదం చివర ఊపిరి ఆగిపోయే చోట కూడా ఆ పదం పూర్తిగా వినిపిస్తూనే ఉంది.