గాలివాన తర్వాత పనికిరాని సోలార్ పలకలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంపై విరుచుకుపడ్డాక మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. ఎదుటి మేడపై సోలార్ పలకలు చెక్కుచెదరకపోయినా, గ్రిడ్ (ఊరి కరెంటు లైన్ల) వోల్టేజీ కనబడనిదే పనిచేయని ఇన్వర్టరు (పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పరికరం) వల్ల అవి పట్టపగలు కూడా అలంకారంగానే మిగిలాయి. తెగిన లైనును బాగుచేసే లైన్‌మన్‌కు పలకల కరెంటు తగలకుండా, అతని ప్రాణరక్షణకు ఆ నియమం అవసరమే.

మైక్రోగ్రిడ్ (సొంత సోలార్ పలకలూ బ్యాటరీలూ ఉన్న చిన్న స్థానిక కరెంటు వ్యవస్థ) అయితే లైను పోగానే తనను తాను విడదీసుకుని, బ్యాటరీ ఇన్వర్టరు ద్వారా 50 హెర్ట్జ్ పౌనఃపున్యాన్ని (కరెంటు సెకనుకు 50 సార్లు ఊగే లయను) నిలబెడుతుంది. బ్యాటరీ నిండితే ఆ ఇన్వర్టరు పౌనఃపున్యాన్ని కాస్త పెంచుతుంది. అది గమనించిన సోలార్ ఇన్వర్టర్లు, వేరే కబురేమీ అందకపోయినా, ఉత్పత్తిని తగ్గించుకుంటాయి. నాకు ముచ్చటగొలిపే ఏర్పాటు ఇదే. ఛార్జి తగ్గుతుంటే ముందు ఏసీలను ఆపి, ఆసుపత్రి వ్యాక్సిన్ ఫ్రిజ్‌నూ మంచినీటి పంపునూ చివరిదాకా కాపాడాలి. రేపటి ఎండను అంచనా వేసే కృత్రిమ మేధ మంచిదే కానీ, తుపానులో ఇంటర్నెట్టూ పోతుంది కాబట్టి, ఆ నిర్ణయాలు మైక్రోగ్రిడ్ దగ్గరే ఉండే నియంత్రణ పెట్టెలోనే జరగాలన్నది నా పట్టు.